ఇంకెవరికీ లేని రంగు

రంగు ఒక్కటే వేరు, ధర మాత్రం రెట్టింపు! ఇదెక్కడి న్యాయమండీ అని చీరల కొట్లో మనం ఎన్నిసార్లు అడిగి వుంటాం? "ఈ రంగులో రెండే వచ్చాయమ్మా, మళ్ళీ రావు" అంటాడు గుమాస్తా. అంతే, అప్పటిదాకా పక్కకు నెట్టేసిన చీర మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది. రెండే వచ్చాయన్న మాట వినక ముందు అది మనకు నచ్చలేదు. విన్నాక నచ్చింది. ఈలోగా చీరలో ఒక్క పోగు మారలేదు, మారిందల్లా మన చెవిన పడిన ఒక అంకె.

ఆ అంకె గురించే ఈ నాలుగు మాటలు. చీరల విషయంలో మనలో ప్రతివాళ్ళూ పండితులే గనక దాన్ని కాసేపు పక్కన పెట్టి, మగవాళ్ళ వస్తువు ఒకటి తీసుకుంటాను. చేతి గడియారం.

చేతి గడియారాల్లో పెళ్ళికీ, విందుకూ, సభకూ పెట్టుకునేవి వేరే వుంటాయి. డ్రెస్ వాచీలంటారు. పల్చగా వుండాలి, చొక్కా చేతి కింద సులువుగా దూరిపోవాలి. గంటల ముల్లు, నిముషాల ముల్లు, పన్నెండు గీతలు, ఒక తోలు పట్టీ, అంతకు మించి ఆర్భాటం పనికిరాదు. కార్టియర్ వారి 'ట్యాంక్' అనే నలుపలకల గడియారం 1917లో రూపు దిద్దుకుంది. నూరేళ్ళు దాటినా ఆ మొహం పెద్దగా మారలేదు. మన దేశంలో హెచ్.ఎం.టి. వారి 'సోనా' ఈ జాతిదే. పెద్దమనిషి తరహా వస్తువన్నమాట. అడిగితేనే మాట్లాడుతుంది.

ఇటీవల అలాంటి గడియారం ఒకటి మా ఇంట్లో నిద్ర లేకుండా చేసింది.

పాలమూరులో మా ఆడబిడ్డ కూతురికి సంబంధం కుదిరింది. పిల్లవాడూ పిల్లా ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కట్నం వద్దన్నారు, అందరం సంతోషించాం. లగ్నపత్రిక రాసుకున్న నాలుగు రోజులకు పెళ్ళికొడుకు తల్లి ఫోనులో ఒక బొమ్మ పంపించింది. ముదురాకుపచ్చ మొహం వున్న గడియారం. "పిల్లగానికి వాచీ ఎట్లన్న పెడ్తరు గద. పెట్టేదేదో ఇది పెడ్తే ఖుషీ అయితడు. ఐదు వందలే చేసిన్రంట, మల్ల దొరకదంట" అని కబురు.

విచారిస్తే తేలిందేమంటే, అదే కంపెనీలో అదే గడియారం తెల్ల మొహంతో పన్నెండు వేలకు దొరుకుతుంది. ఆకుపచ్చ మొహంతో ఇరవై నాలుగు వేలు. వెనక మూత మీద మాత్రం 'ఐదు వందల్లో ఇన్నోది' అని నంబరు చెక్కి వుంటుంది.

మా ఆడబిడ్డ భర్త రిటైరైన లెక్కల మాస్టారు. "లోపలి మిషను ఒక్కటేనాయె. రంగుకు పన్నెండు వేలా?" అన్నాడు. "పన్నెండు వేల కాడ మాట పడుతమా?" అంది మా ఆడబిడ్డ. పిల్ల ఏమీ అనలేదు. చివరకు "వదినె, నువ్వు నవలలు రాస్తవు గద, నువ్వు చెప్పు" అని తీర్పు నా మీదికి తోశారు. నవలలు రాసేవాళ్ళకు గడియారాల సంగతి తెలుస్తుందని వీళ్ళకెవరు చెప్పారో!

మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వెనకటికి అల్లుడికి పెట్టేవి మూడు: సైకిలు, గడియారం, రేడియో. మూడింట్లో ఏది తగ్గినా అలకపానుపు మీంచి దిగేవారు కాదు. 1961లో మన పార్లమెంటు వరకట్న నిషేధ చట్టం చేసింది. చిత్రమేమిటంటే, ఆ 1961లోనే బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టారు. కట్నం వద్దని చట్టం వచ్చిన ఏడే, కట్నంలో పెట్టడానికి స్వదేశీ వాచీ కూడా వచ్చిందన్నమాట! 2016లో ఆ వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కంపెనీకి మూత పడింది గాని, అల్లుడికి వాచీ పెట్టే ఆచారానికి పడలేదు. అప్పుడు 'వాచీ పెట్టారా?' అని అడిగేవారు. ఇప్పుడు 'ఎన్నో నంబరుది పెట్టారు?' అని అడిగే రోజు వచ్చింది.

సరే, తీర్పు చెప్పమన్నారు గనక పిల్లా నేనూ కలిసి హైదరాబాదులో దుకాణానికి వెళ్ళాం. ఆ అంకెను కాసేపు కొంగు కింద దాచిపెట్టి, ముందు రంగును చూద్దామనుకున్నాను. ఇందుకు కొత్త విద్య అక్కర్లేదు. చీరను చూసే కన్నే చాలు.

మొదటిది వెలుగు. చీరను ట్యూబులైటు కింద చూసి ఎవరమూ కొనం. గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూస్తాం. గడియారాన్నీ అలాగే చూడాలి. దాని మొహం సాధారణంగా సన్నని ఇత్తడి బిళ్ళ. నడిమి నుంచి అంచు దాకా సూర్యకిరణాల్లాగా సన్నని గీతలు పడేట్టు దాన్ని గరుకు కుంచెతో రుద్ది, ఆ పైన రంగు ఎక్కిస్తారు. అందుకే చెయ్యి తిప్పినప్పుడల్లా ఒకసారి చింతాకులా, ఒకసారి చిలకలా కనిపిస్తుంది. ఇది కాక మీనా పని అని ఇంకొకటి వుంది. గాజు పొడి పరిచి కొలిమిలో 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఒకసారి కాదు, పూత పూతకూ కాల్చాలి. పగిలితే పారెయ్యడమే. అలాంటి రంగుకు ధర ఎక్కువంటే అర్థముంది, అది పనివాడి చెమటకు ఇచ్చే ధర. మేము చూసింది మాత్రం మామూలు పూతే. తెల్లదానికి ఎంత పనో పచ్చదానికీ దాదాపు అంతే పని.

రెండోది, రంగు వస్తువు పనికి అడ్డం రాకూడదు. గడియారం పని గంట చెప్పడం. ముదురు మొహం మీద ముదురు ముళ్ళుంటే సాయంత్రం పూట గంట చూడ్డానికి దీపం వెతుక్కోవాలి. ఈ గడియారానికి బంగారు రంగు ముళ్ళున్నాయి. ఆకుపచ్చ మీద చక్కగా కనిపించాయి.

మూడోది పొత్తు. ఒళ్ళు ఎంత బాగున్నా అంచు కుదరకపోతే ఆ చీర బీరువాలోనే వుండిపోతుంది. గడియారానికి అంచు అంటే పట్టీ, ముళ్ళు, తేదీ కనిపించే చిన్న కిటికీ. మొహం పచ్చగా మార్చినవాళ్ళు తేదీ బిళ్ళను మాత్రం తెల్లగానే వదిలేశారు. పట్టుచీర మీద ధర చీటీ అతికినట్టు వుంది. ఆలోచించి వేసిన రంగుకూ, అమ్మకానికి వేసిన రంగుకూ తేడా ఇలాంటి చోటే బయటపడుతుంది.

నాలుగోది స్వభావం. డ్రెస్ వాచీ గుణం నెమ్మది. ఆ నెమ్మదిని రంగు చెడగొడుతున్నదా? లేదు. ఆకుపచ్చే అయినా మర్యాదగల ఆకుపచ్చ.

మొత్తం మీద మూడింట నెగ్గింది, ఒకదాంట్లో తప్పింది. బాగున్న గడియారమే. కాని రెట్టింపు బాగున్నదా? కొంగు కింద దాచిన అంకెను ఇక బయటికి తియ్యక తప్పదు.

ఈ అంకె ఎంత దూరం తీసుకుపోగలదో ప్రపంచం చూసింది. స్విట్జర్లాండులో పటేక్ ఫిలిప్ అని గొప్ప గడియారాల కంపెనీ వుంది. అమెరికాలోని టిఫనీ నగల దుకాణంతో తమ స్నేహానికి 170 ఏళ్ళు నిండాయని 2021లో వాళ్ళు ఒక స్టీలు గడియారాన్ని టిఫనీ వారి లేత నీలి రంగు మొహంతో సరిగ్గా 170 మాత్రమే చేశారు. నిజానికి అది డ్రెస్ వాచీ కూడా కాదు, షికార్లకు పెట్టుకునే రకం. దుకాణం ధర సుమారు 52 వేల డాలర్లు. ఆ డిసెంబరులో వాటిలో ఒకదాన్ని న్యూయార్కులో వేలం వేస్తే 65 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో అప్పటికి దాదాపు 49 కోట్ల రూపాయలు! ఆ సొమ్ము ఒక ధర్మకార్యానికి పోయిందట, మంచిదే. కాని ఆ నీలి రంగు టిఫనీ వారి అట్టపెట్టెల మీద ఎన్నో ఏళ్ళుగా వున్నదే. రంగు కొత్తది కాదు, యంత్రం కొత్తది కాదు. 170 అన్న అంకెకే ఆ ధర.

అమెరికాలో థోర్ స్టెయిన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త 1899లో రాసిన పుస్తకంలో రెండు చెంచాలను పోల్చాడు. ఒకటి చేత్తో చేసిన వెండి చెంచా, ఒకటి యంత్రం మీద చేసిన చవక చెంచా. వెండి చెంచా అందంగా వుందని మనం అనుకునేదాంట్లో చాలా భాగం అది ఖరీదైనదన్న జ్ఞానమేనని ఆయన వాదన. ఖరీదు అందం వేషం వేసుకుని వస్తుందన్నమాట. ఆ వేషాన్ని పట్టుకోవడానికి మనకు ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. గుమాస్తా మాట విన్నాక చీర ఒళ్ళోకి ఎందుకొచ్చిందో మన మనసుకు తెలియదా!

అయితే కొద్దిగా దొరకడమన్నది ఎప్పుడూ మాయేనా? మా జిల్లాల్లో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. నారాయణపేట చీరనే తీసుకోండి. అక్కడ మగ్గం మీద ఒకేసారి ఎనిమిది చీరల నిడివికి పడుగు ఎక్కిస్తారు. ఆ పడుగు అయిపోతే ఆ ఎనిమిదితో సరి. ఎనిమిది అన్నది ఎవరో బల్ల ముందు కూర్చుని వేసిన అంకె కాదు, మగ్గం చెప్పిన అంకె. పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో వుంది గాని, మాకందరికీ నల్లగొండే. మా మెట్ట చేలల్లో పండే ఆముదం కాయల బూడిద నీళ్ళలోనూ, నూనెలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడితే గాని దానికి రంగు సరిగా పట్టదు. వాడే రంగులు ముఖ్యంగా మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఏడాదికి ఎన్ని నేస్తారంటే, చేతులు ఎన్ని నెయ్యగలిగితే అన్ని. ఆ కొరతకు ధర ఇస్తే, ఇచ్చిన ధరలో నాలుగు రూపాయలన్నా నేసినవాళ్ళ పొయ్యిలోకి చేరతాయని ఆశపడవచ్చు.

అంటే చేతి కొరత పవిత్రమైనది, కంపెనీ కొరత దొంగది అని తీర్పు చెప్పేద్దామా? తొందరపడకండి. పోచంపల్లి చీరకు చిటికి కట్టే ముందు నూలును ఆసు పొయ్యాలి. మేకుల చుట్టూ ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేల సార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళదే. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. ఆ యంత్రం వచ్చాక రోజుకు ఎక్కువ చీరలకు ఆసు పోయగలిగారు. 'అయ్యో, కొరత తగ్గిపోయిందే!' అని ఏ తల్లి ఏడ్చింది చెప్పండి? మనం అపురూపమని మురిసిపోయే కొరత వెనక ఒక్కోసారి వుండేది ఒక ఆడమనిషి భుజం నొప్పే.

కాబట్టి కొరత అది చేతిదైనా, కంపెనీదైనా, దానంతటది గొప్పదేమీ కాదు.

మరి 'ఒక్కటే ఒకటి నాకు కావాలి' అనుకోవడం తప్పా? నేను అలా అనను. పండుగకు ఒకే తానులోంచి ఇంటిల్లిపాది పిల్లలకూ గౌన్లు, లాగులు కుట్టించిన ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. అక్క విడిచిన లంగా వేసుకుని బడికి పోయిన చెల్లెలికి, నాకంటూ ఒక రంగు కావాలనిపించడంలో అసూయ లేదు. నన్ను నన్నుగా గుర్తుపట్టండి అన్న ఆశ మాత్రమే వుంది. ఆ ఆశ తీరడానికి ఎదుటివాళ్ళకు లేకపోవాల్సిన పని లేదు. 'నాకు వుంది' అన్నది ఒక సంతోషం. 'నీకు లేదు' అన్నది ఇంకో సంతోషం. పైకి రెండూ ఒకేలా నవ్వుతాయి, అందుకే చిక్కు. మొదటిదానికి వస్తువు చాలు. రెండోదానికి వస్తువుతోపాటు చూసి చిన్నబుచ్చుకునే ఒక మొహం కూడా కావాలి.

ఈ రెండింటినీ విడదీయడానికి నాకు తోచిన ప్రశ్న ఒకటి వుంది. రేపు ఆ కంపెనీ మనసు మార్చుకుని ఆ రంగులో ఇంకో లక్ష చేసి ఊరూరా అమ్మిందనుకోండి. అప్పుడు మీకు మోసపోయాననిపిస్తుందా? లేక నాకు నచ్చింది ఇంతమందికి నచ్చిందే అనిపిస్తుందా? రెండోదే అయితే మీరు కొన్నది రంగు. నిశ్చింతగా పెట్టుకోండి. మొదటిదైతే కొన్నది రంగు కాదు, పక్కవాళ్ళ లేమి.

మా పిల్ల ఆ ప్రశ్నను అలాగే పట్టుకెళ్ళి పెళ్ళికొడుకునే అడిగింది. ఈ కాలపు పిల్లలు, మనలాగా తలుపు చాటున నిలబడి మథనపడరు! అతను ఒక రోజు గడువు తీసుకున్నాడట. మర్నాడు ఫోను చేసి, "ఆ రంగు నాకు నిజంగనే ఇష్టం. నంబరు లేకున్నా ఇష్టమే. కాని అమ్మ మీకు ఫొటో పంపిన ముచ్చట నాకు తెల్వదు. మీ నాయన పైసలతోని వద్దు, కావాల్నంటే నా జీతంతోని నేనే కొనుక్కుంట" అన్నాడట. అది విని లెక్కల మాస్టారు లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు. పన్నెండు వేలు మిగిలాయనేమో అనుకున్నాను గాని, "పిలగాడు మంచోడు" అన్నాడు. అంత నీళ్ళు నిండిన కళ్ళతో ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ కుర్రవాడు చెప్పింది నాకు భలే నచ్చింది. ఎందుకంటే మనం ఒకటే అనుకున్న ప్రశ్నను అతను రెండు చేశాడు. రంగు బాగుందా అన్నది ఒకటి. దానికి ధర ఎవరు చెల్లిస్తున్నారన్నది రెండోది. మొదటిదానికి కన్ను జవాబు చెబుతుంది. రెండోదానికి కన్ను చాలదు. తెల్లదైనా, పచ్చదైనా, మీనా పని చేసిందైనా, ఆడపిల్ల తండ్రి అప్పు చేసి పెట్టిన గడియారం ఎన్ని గంటలు చూపించినా అందులో మంచి గంట వుండదు.

నిజంగా ఈ లోకంలో కొద్దిగా వున్నవి ఏమిటి అని ఆలోచిస్తే, వాటి మీద ఎవరూ నంబర్లు చెక్కలేదు. మెట్ట జిల్లాల వాళ్ళం, మాకు నీళ్ళు కొద్ది. సాగుకు వచ్చే భూమి కొద్ది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు, భూమి లేని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు ఇప్పించమని అడిగాయి. ఆ ఊరి వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఎంత పంచినా ఎకరం కూడా పెరగని భూమిని ఒక మనిషి అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు. ఎంత కావాలంటే అంత కలుపుకోగల రంగునేమో ఐదు వందల దగ్గర ఆపి, ఇక లేదంటున్నాం!

ఆ ఊరి చీర మనలో చాలామంది బీరువాల్లో వుండే వుంటుంది. ఈసారి తీసినప్పుడు తిరగేసి చూడండి. నేసే ముందే నూలుకు రంగు పడుతుంది గనక రెండు వైపులా ఒకేలా వుంటుంది. మనిషి సంతోషం కూడా అలా వుంటే ఎంత బాగుండును, పైకి 'నాకు వుంది' అని, తిరగేస్తే 'నీకు లేదు' అని కాకుండా!